ఆస్ట్రియా కుటుంబ వైనరీల డ్రై వైట్ వైన్: సీసా ఎంపిక నుంచి చివరి గ్లాసు వరకు

ఆస్ట్రియాలోని ద్రాక్ష తోటల విస్తీర్ణంలో దాదాపు మూడో వంతు ఒకే రకం ద్రాక్షది. దాని పేరు గ్రూనర్ వెల్ట్‌లీనర్, దానితో ఎక్కువగా చేసేది డ్రై, అంటే తీపి తెలియని వైట్ వైన్. అక్కడి కుటుంబాలు ఈ ద్రాక్షను తమ తోటలోనే పండించి, తమ నేలమాళిగలోనే పులియబెట్టి, తమ ఇంటి పేరుతోనే సీసాల్లో నింపుతాయి. వియన్నాలో చదువుకుంటున్నవారో ఉద్యోగం చేస్తున్నవారో సెలవులకు వస్తూ తెచ్చిన సీసా మీ చేతికి అంది ఉండవచ్చు, లేదా మీరే అక్కడికి వెళ్ళి కొనబోతూ ఉండవచ్చు. ఏ సీసా ఎంచుకోవాలి, ఎంత చల్లబరచాలి, ఏ వంట పక్కన పెట్టుకోవాలి, మిగిలినదాన్ని ఏం చేయాలి అన్న సంగతులను వరుసగా చెప్పడానికే ఈ మార్గదర్శి.

ముందుగా ఒక మాట చెప్పాలి. ఈ వైన్‌కు ప్రాణం పులుపు. ద్రాక్షలో ప్రధానంగా ఉండే ఆమ్లం టార్టారిక్ ఆమ్లం. మన చింతపండుకు పులుపునిచ్చేది కూడా అదే. చారు రుచి చూసి "ఇంకొంచెం పులుపు పడాలి" అని చెప్పగలిగే నాలుక ఉన్నవారికి ఈ వైన్ కొత్త భాష కాదు. కింద చెప్పబోయే జాగ్రత్తలన్నీ, ఉష్ణోగ్రతైనా నిల్వైనా వంటైనా, ఆ పులుపును చెడగొట్టకుండా నోటిదాకా తీసుకురావడానికే. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ 21 ఏళ్ళు నిండనివారికి మద్యం అమ్మడం నిషిద్ధమని, 12.5 శాతం ఆల్కహాల్ ఉన్న వైన్ 125 మిల్లీలీటర్ల గ్లాసులో సుమారు 12 గ్రాముల స్వచ్ఛమైన ఆల్కహాల్ ఉంటుందని కూడా గుర్తుంచుకోండి. బండి నడపవలసినవారు, గర్భిణులు దీని జోలికి పోకూడదు.

మొదటి మెట్టు: ఏ నేల నుంచి వచ్చిందో తెలుసుకోండి

గ్రూనర్ వెల్ట్‌లీనర్ ఎక్కువగా పండేది దేశానికి ఈశాన్యంలో, డాన్యూబ్ నదికి అటూ ఇటూ ఉన్న దిగువ ఆస్ట్రియా రాష్ట్రంలో. అందులో అందరికీ తెలిసిన ప్రాంతం వాఖావ్. మెల్క్, క్రెమ్స్ పట్టణాల మధ్య సుమారు 35 కిలోమీటర్ల మేర డాన్యూబ్ ఒక ఇరుకు లోయలో మెలికలు తిరుగుతూ పారుతుంది. ఆ లోయను 2000లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. నది ఒడ్డు నుంచి పైకి చూస్తే కొండ మొత్తం మెట్లు మెట్లుగా కనిపిస్తుంది. ప్రతి మెట్టునూ నిలబెట్టేది సున్నం గానీ సిమెంటు గానీ లేకుండా రాయి మీద రాయి పేర్చి కట్టిన గోడ. ఆ మెట్ల మీదికి యంత్రం వెళ్ళదు కనుక ద్రాక్ష గుత్తులను మనుషులే చేత్తో కోయాలి, చలికాలం తర్వాత కూలిన గోడలను మనుషులే మళ్ళీ పేర్చాలి. వాఖావ్ సీసా ధర చూసి ఆశ్చర్యపోయేవారు ఈ గోడలను ఒకసారి తలచుకుంటే చాలు.

ఆ లోయ వాతావరణం కూడా తెలుసుకోదగ్గది. తూర్పున ఉన్న పన్నోనియా మైదానాల నుంచి పగలు వెచ్చని గాలి వస్తుంది, రాత్రి ఉత్తరాన ఉన్న వాల్డ్‌ఫిర్టెల్ అడవుల నుంచి చల్లని గాలి దిగుతుంది. పగటి వేడికి పండులో చక్కెర పెరుగుతుంది, రాత్రి చలికి పులుపు కరిగిపోకుండా నిలుస్తుంది. నిటారు వాలుల మీద, నైస్ అనే గట్టి రాతి నేలలో ఎక్కువగా రీస్లింగ్ అనే మరో ద్రాక్షను నాటుతారు. గ్రూనర్‌కు నీరు కాస్త ఎక్కువ కావాలి కాబట్టి, గాలి మోసుకొచ్చి పోసిన లోయెస్ అనే మెత్తటి పసుపు మట్టి ఉన్న కింది మెట్లను దానికి కేటాయిస్తారు.

వాఖావ్ పక్కనే ఉన్న క్రెమ్స్‌టాల్, కాంప్‌టాల్ ప్రాంతాలు నాణ్యతలో వెనకబడినవి కావు. ధర తక్కువలో మొదలుపెట్టాలనుకునేవారు ఉత్తరాన ఉన్న వైన్‌ఫిర్టెల్‌ను చూడవచ్చు. అక్కడి గ్రూనర్‌లో మిరియాల ఘాటు ప్రస్ఫుటంగా ఉంటుంది, దేశంలో డి.ఏ.సి. అనే ప్రాంతీయ గుర్తింపును 2002 పంటతో మొట్టమొదట పొందింది కూడా ఆ ప్రాంతమే.

రెండో మెట్టు: లేబుల్‌ను చదవండి

జర్మన్ భాష రాకపోయినా ఫరవాలేదు, నాలుగైదు మాటలు పట్టుకుంటే సీసా తన చరిత్రంతా చెబుతుంది.

ముందు మూతను చూడండి. మూత మీద గానీ దాని తొడుగు మీద గానీ ఎరుపు, తెలుపు, ఎరుపు రంగుల చిన్న పట్టీ ఉండాలి. లేబుల్ మీద ప్రభుత్వ పరీక్ష సంఖ్య కూడా ఉండాలి. ఆ వైన్‌ను ప్రయోగశాలలో పరీక్షించి, నిపుణులు రుచి చూసి ఆమోదించారని వాటి అర్థం. ఈ కట్టుదిట్టం వెనక ఒక చేదు అనుభవం ఉంది. 1985లో కొందరు ఆస్ట్రియా వ్యాపారులు తమ వైన్ తియ్యగా, చిక్కగా అనిపించాలని డైఇథిలీన్ గ్లైకాల్ అనే రసాయనాన్ని కలిపినట్లు బయటపడింది. దేశం ఎగుమతులు ఒక్కసారిగా కుప్పకూలాయి. తప్పు చేసింది కొందరైనా, నిజాయితీగా పనిచేసిన వేలాది చిన్న రైతు కుటుంబాలు కూడా ఆ నష్టాన్ని మోశాయి. అదే ఏడాది వచ్చిన కొత్త చట్టం ఐరోపాలోనే అతి కఠినమైన వైన్ చట్టాలలో ఒకటిగా పేరు తెచ్చుకుంది. తీపి వైన్ మీద ఆధారపడిన పరిశ్రమ క్రమంగా డ్రై వైన్ వైపు మళ్ళింది. ఈ కథ తెలిసినప్పటి నుంచి నేను ఏ ఆస్ట్రియా సీసా పట్టుకున్నా నా వేలు ముందు ఆ పట్టీ మీదికే వెళుతుంది.

తర్వాత "ట్రోకెన్" అనే మాట కోసం వెతకండి. దాని అర్థం పొడి, అంటే డ్రై. పులిసేటప్పుడు ద్రాక్షలోని చక్కెర దాదాపు అంతా ఆల్కహాల్‌గా మారిపోయి, తీపి తెలియనంత తక్కువగా మిగిలిన వైన్ ఇది. లెక్క ఇలా ఉంటుంది: లీటరుకు 4 గ్రాముల లోపు చక్కెర ఉంటే దాన్ని ట్రోకెన్ అనవచ్చు. 9 గ్రాముల వరకు ఉన్నా అనవచ్చు గానీ, అప్పుడు ఆమ్లం చక్కెర కంటే 2 గ్రాములకు మించి తక్కువ ఉండకూడదు. ఉదాహరణకు 8 గ్రాముల చక్కెర ఉంటే కనీసం 6 గ్రాముల ఆమ్లం ఉండాలి. పులుపు బలంగా ఉంటే కొద్దిపాటి తీపి నాలుకకు తెలియదన్న సంగతి నిమ్మకాయ షర్బత్ కలిపే ప్రతి ఇంట్లోనూ తెలిసిందే. చట్టం అదే సూత్రాన్ని అంకెల్లో రాసుకుంది. "హాల్బ్‌ట్రోకెన్" అని ఉంటే అది సగం డ్రై, మీరు వెతుకుతున్నది అది కాదు.

కుటుంబ వైనరీ సీసాను గుర్తించడానికి "వైన్‌గూట్" అనే మాట పనికివస్తుంది. ఐరోపా నిబంధనల ప్రకారం తమ సొంత సాగులో ఉన్న తోటల ద్రాక్షతో, తమ దగ్గరే తయారుచేసిన వైన్‌కు మాత్రమే ఈ మాట వాడాలి. వాఖావ్‌లో స్పిట్స్ గ్రామంలోని హిర్ట్స్‌బెర్గర్, ఉంటర్‌లోయ్‌బెన్‌లోని క్నోల్, కాంప్‌టాల్‌లోని లాంగెన్‌లోయ్స్ పట్టణంలో బ్రూండ్ల్‌మాయర్ వంటివి పేరున్న కుటుంబ వైనరీలు. మౌటెర్న్‌లోని నికోలైహోఫ్ 1971లోనే కృత్రిమ రసాయనాలు వాడని బయోడైనమిక్ సాగుకు మారింది. డొమేనె వాఖావ్ అనే పేరు కూడా మీకు తరచుగా కనిపిస్తుంది. అది రెండు వందలకు పైగా రైతు కుటుంబాలు తమ ద్రాక్షను కలిపి తయారుచేసే సహకార సంస్థ. అక్కడి వైన్ మంచిదే, కానీ అది ఒక ఇంటి వైన్ కాదు. నా అభిప్రాయం అడిగితే, పెద్ద పేర్ల వెంట పరుగెత్తకుండా అదే ఊళ్ళో అంతగా తెలియని ఒక కుటుంబం సీసాతో మొదలుపెట్టమంటాను, ఎందుకంటే పేరు ధరను పెంచినంతగా రుచిని పెంచదు.

వాఖావ్ సీసా మీద మరో మూడు మాటలలో ఏదో ఒకటి ఉండవచ్చు. 1983లో ఏర్పడిన వినేయా వాఖావ్ అనే ఉత్పత్తిదారుల సంఘం తన సభ్యుల డ్రై వైన్లను మూడు తరగతులుగా విభజించింది. ష్టైన్‌ఫేడర్ అనేది 11.5 శాతానికి మించని ఆల్కహాల్‌తో ఉండే తేలికపాటి వైన్. రాళ్ళ మధ్య మొలిచే ఈకలాంటి గడ్డి పేరు దానికి పెట్టారు. ఫేడర్‌ష్పీల్‌లో 11.5 నుంచి 12.5 శాతం ఉంటుంది. డేగను వేటగాడు వెనక్కి పిలిచే ఎర పేరు అది. స్మారాగ్ట్‌లో 12.5 శాతం, ఆపైన ఉంటుంది. ఎండ కాచే రోజున రాతి గోడల మీద పడుకునే పచ్చని బల్లి పేరు దానిది. మొదటిసారి కొనేవారికి నేను నిస్సంకోచంగా ఫేడర్‌ష్పీల్‌నే సూచిస్తాను. ష్టైన్‌ఫేడర్ హాయిగా ఉంటుంది గానీ చెప్పేది తక్కువ. స్మారాగ్ట్ మాట్లాడడానికి కొన్నేళ్ళు పడుతుంది.

చివరగా, "రీడ్" అనే మాట ఒక ప్రత్యేకమైన పొలం పేరు ముందు వస్తుంది. మన ఊళ్ళలో ఒక్కో చెలకకూ చెరువు కింది మడికీ పేరున్నట్లే అక్కడ ప్రతి కొండ వాలుకూ పేరుంటుంది. రీడ్ ఉంటే ఆ ద్రాక్ష అంతా ఆ ఒక్క పొలానిదే.

మూడో మెట్టు: కొనడం, తేవడం

వీలైతే ఆ కుటుంబం ఇంటి గుమ్మం దగ్గరే కొనండి. వియన్నా నుంచి క్రెమ్స్‌కు రైలులో సుమారు గంట ప్రయాణం. చిన్న వైనరీలలో అమ్మేవారూ తోటలో పనిచేసేవారూ ఒకరే, అందువల్ల ముందుగా ఫోన్ చేసి సమయం అడగడం మర్యాద. సెప్టెంబరు, అక్టోబరు నెలలు కోతల కాలం కనుక ఆ రోజుల్లో ఎవరికీ తీరిక ఉండదు. తమ వైన్‌ను తమ ఇంటి దగ్గరే అమ్ముకునే హక్కును రైతులకు 1784లో చక్రవర్తి రెండో యోసెఫ్ ఇచ్చాడు. అప్పటి నుంచి నేటి వరకు ఏడాదిలో కొన్ని వారాలు ఇంటి వాకిట్లోనే బల్లలు వేసి, వైన్‌నూ చల్లని తినుబండారాలనూ వడ్డించే ఆచారం సాగుతోంది. ద్వారం మీద పచ్చని కొమ్మ వేలాడుతుంటే ఆ ఇల్లు తెరిచి ఉందని అర్థం. అక్కడ కూర్చుని, ఇంటివారు తామే తాగే వైన్ ఏదని అడగండి. ఆ జవాబు లేబుల్ మీద దొరకదు.

విమానంలో తెచ్చుకునేటప్పుడు సీసాను చేతి సంచిలో పెట్టుకోవడం కుదరదు. బట్టల మధ్య చుట్టి, ప్లాస్టిక్ సంచిలో కట్టి పెద్ద పెట్టె నడిమధ్యలో ఉంచండి. భారతదేశానికి సుంకం లేకుండా తెచ్చుకోగల పరిమితి చాలా కాలంగా 2 లీటర్లు, అంటే 750 మిల్లీలీటర్ల సీసాలు రెండు. బయలుదేరే ముందు నిబంధనను ఒకసారి సరిచూసుకోండి.

నాలుగో మెట్టు: ఇంట్లో భద్రపరచడం

వైన్‌కు వేడి, వెలుతురు శత్రువులు. ఏప్రిల్, మే నెలల్లో మన వంటింటి అటక మీద కొన్ని వారాలు ఉంచిన సీసాలో పులుపు మొద్దుబారి, ఉడికిన పండు వాసన వస్తుంది. ప్రత్యేకమైన వైన్ బీరువా లేనివారు ఫ్రిజ్ కింది అరలో ఉంచుకోవచ్చు, కొన్ని నెలల పాటు దానికి ఏమీ కాదు. ఆస్ట్రియాలో ఇప్పుడు చాలా సీసాలకు మర మూతే వస్తోంది, వాటిని నిలబెట్టినా ఫరవాలేదు; కార్క్ ఉన్నవాటిని మాత్రం పడుకోబెట్టాలి. ఫేడర్‌ష్పీల్‌ను కొన్ని ఏళ్ళ లోపే తాగేయడం మంచిది. మంచి స్మారాగ్ట్ పదేళ్ళు దాటినా నిలుస్తుంది.

ఐదో మెట్టు: చల్లబరచడం

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. వైట్ వైన్ అంటే ఎంత చల్లగా ఉంటే అంత మంచిదన్న అభిప్రాయం మనలో పాతుకుపోయింది. ఒకసారి నేను ఎంతో ఇష్టంగా దాచుకున్న స్మారాగ్ట్ సీసాను రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి, తీసిన వెంటనే అతిథులకు పోశాను. గ్లాసు బయట చెమ్మ పట్టింది. లోపల మాత్రం పుల్లని చన్నీళ్ళు తప్ప మరేమీ లేదు. ఇంత ధర దీనికా అని మనసు కష్టపెట్టుకొని భోజనంలో పడిపోయాం. ముప్పావు గంట తర్వాత, బల్ల చివర మరచిపోయిన సగం గ్లాసును తీసి పక్కన పెట్టబోతుంటే పండిన పియర్ పండు వాసన, దాని వెనక మిరియాల పొడి వాసన గుప్పున వచ్చాయి. వైన్‌లో లోపం లేదు, చలి దాని నోరు కట్టేసింది, అంతే.

అందుకే ష్టైన్‌ఫేడర్, ఫేడర్‌ష్పీల్ వంటి తేలిక వైన్లను 8 నుంచి 10 డిగ్రీల సెల్సియస్ మధ్య, స్మారాగ్ట్ వంటి బరువైనవాటిని 10 నుంచి 12 డిగ్రీల మధ్య వడ్డించండి. ఇంటి ఫ్రిజ్ సాధారణంగా 4 డిగ్రీల దగ్గర ఉంటుంది కనుక, తేలిక వైన్‌ను పోయడానికి పావుగంట ముందు, బరువైనదాన్ని అరగంట ముందు బయటకు తీయండి; ఎండాకాలంలో ఈ సమయాన్ని సగానికి తగ్గించండి. అప్పటికప్పుడు చల్లబరచాలంటే బకెట్‌లో ఐసు ముక్కలు, నీళ్ళు సమంగా పోసి, గుప్పెడు ఉప్పు కలిపి, సీసాను మెడ దాకా ముంచండి. ఉత్త ఐసు కంటే ఐసు నీళ్ళు సీసాను అన్ని వైపులా తాకుతాయి కాబట్టి ఇరవై నిమిషాల నుంచి అరగంటలో పని అవుతుంది. వైన్‌లో ఐసు ముక్కలు మాత్రం వేయకండి. పలచబడిన పులుపుకు రుచి ఉండదు.

ఆరో మెట్టు: పోయడం, చూడడం, రుచి చూడడం

అడుగున వెడల్పుగా, పైన మూతి ముడుచుకున్న పలచటి గ్లాసు తీసుకోండి. మూడో వంతుకు మించి పోయకండి; మన వేడిలో కొంచెం కొంచెంగా పోసుకొని సీసాను మళ్ళీ ఐసు నీళ్ళలో పెట్టడమే సరైన పద్ధతి.

గ్లాసును తెల్లని కాగితం ముందు పట్టుకోండి. లేత గడ్డిపోచ రంగు, అంచున ఆకుపచ్చ జీర కనిపిస్తాయి. కొత్త వైన్ అయితే గ్లాసు గోడకు ఆవగింజ కంటే చిన్న బుడగలు కొన్ని అంటుకొని ఉంటాయి. పులిసేటప్పుడు పుట్టిన బొగ్గుపులుసు వాయువులో మిగిలిన కొద్దిభాగం అది, దాన్ని లోపం అనుకోకండి. గ్లాసును కాడ దగ్గర పట్టుకొని మెల్లగా తిప్పి వాసన చూడండి. నిమ్మ తొక్క, పచ్చి ఆపిల్, పియర్, ఆకుకూర తుంచినప్పటి పచ్చి వాసన, చివరకు మిరియం. ఈ మిరియాల వాసనకు కారణం రోటుండోన్ అనే పదార్థం. నిజమైన మిరియాలలో ఉండేదీ అదే. సుమారు ఐదుగురిలో ఒకరి ముక్కు రోటుండోన్‌ను పసిగట్టలేదు కనుక, పక్కవారికి తెలిసిన మిరియం మీకు తెలియకపోతే మీ శ్రద్ధలో లోటుందని బాధపడనవసరం లేదు. ఈ ఘుమఘుమలకు బదులు తడిసిన అట్టపెట్టె వాసన వస్తే అది కార్క్ వల్ల చెడిన సీసా, దాన్ని తిరిగి ఇచ్చేయవచ్చు.

ఒక గుక్క తీసుకొని రెండు మూడు క్షణాలు నోట్లో తిప్పండి. నాలుక పక్కల నుంచి నీరూరితే అది పులుపు పని. మింగిన తర్వాత నాలుక చివర సన్నని చేదు, నారింజ తొనలోని తెల్లని పీచును కొరికినట్లుగా మిగిలితే అది గ్రూనర్‌కు సహజమైన ముద్ర.

ఏడో మెట్టు: పక్కన ఏ వంట?

ఆస్ట్రియాలో ఈ వైన్ పుట్టింటి వంటలు వీనర్ ష్నిట్జెల్ అనే దూడ మాంసపు వేపుడు, వసంతకాలంలో మార్ష్‌ఫెల్డ్ నుంచి వచ్చే తెల్ల ఆస్పరాగస్. ష్నిట్జెల్ పక్కన నిమ్మచెక్క పెట్టడంలో ఉన్న కారణమే వైన్‌కూ వర్తిస్తుంది, పులుపు నూనె జిడ్డును కోస్తుంది.

ఈ సూత్రం పట్టుకొని మన వంటింట్లోకి వస్తే దారి సులభంగా దొరుకుతుంది. చేపల వేపుడు, రొయ్యల వేపుడు, మిరియాలు దట్టించిన కోడి వేపుడు, అల్లం ముక్కలు చల్లిన పెసరట్టు, కొబ్బరి వేసిన బీన్స్ కూర బాగా కుదురుతాయి. మిరియాలతో చేసినవాటిలో వైన్‌లోని మిరియం కూడా మేల్కొంటుంది. పులుపు విషయంలో మాత్రం ఒక హద్దు ఉంది: పళ్ళెంలోని పులుపు గ్లాసులోని పులుపును మించకూడదు. చింతపండు గుజ్జు దండిగా పోసిన చేపల పులుసు, గోంగూర మాంసం, మామిడికాయ పప్పు పక్కన పెట్టిన గ్రూనర్ చప్పగా, నీళ్ళగా అనిపిస్తుంది. బలమైన పులుపు బలహీనమైనదాన్ని మింగేస్తుంది. గుంటూరు కారం విషయంలోనూ జాగ్రత్త అవసరం, ఎందుకంటే ఆల్కహాల్ ఎక్కువైన కొద్దీ మంట పెరుగుతుంది. కారంగా వండిన రోజున స్మారాగ్ట్‌ను పక్కన పెట్టి ష్టైన్‌ఫేడర్‌ను తెరవండి. బొబ్బట్లతోనూ పాయసంతోనూ ఏ డ్రై వైన్ అయినా కటువుగా మారిపోతుంది, కాబట్టి తీపి వడ్డించే ముందే గ్లాసు ఖాళీ చేయడం మేలు.

ఎనిమిదో మెట్టు: మిగిలిన వైన్

తెరిచిన సీసాకు మూత బిగించి ఫ్రిజ్‌లో నిలబెడితే మూడు నుంచి ఐదు రోజులు నిలుస్తుంది. గట్టి స్మారాగ్ట్ రెండో రోజున మొదటి రోజు కంటే విచ్చుకొని కనిపించడం కూడా ఉంది, అందుకే ఒకే పూటలో సీసా ముగించాలన్న పట్టుదల వద్దు. నాలుగో రోజు దాటిన తర్వాత కొద్దిగా మిగిలితే వెల్లుల్లితో వేయించిన పుట్టగొడుగుల మీద చల్లి, ఆవిరి పోయేదాకా మగ్గించండి.

సీసా అడుగుకు వచ్చేసరికి కొన్నిసార్లు పటికబెల్లం పలుకుల్లాంటి తెల్లని స్ఫటికాలు కనిపిస్తాయి. గాజు ముక్కలేమోనని భయపడి పారబోసినవారిని నేను చూశాను. చలికి ద్రాక్షలోని టార్టారిక్ ఆమ్లం పొటాషియంతో కలిసి గట్టిపడినవే అవి, ఎటువంటి హానీ చేయవు. చివరి గ్లాసును నెమ్మదిగా వంచి పోస్తే అవి సీసాలోనే ఉండిపోతాయి. ఒక పలుకును వేలి కొనతో తీసి నాలుక మీద పెట్టుకోండి. కాసేపటికి అది కరుగుతుంది, చింతపండు తొన చప్పరించినట్లు నోరంతా పులుస్తుంది.